ఒక్క వేలు చాలు!

'నాయినా, నాకు డిస్కు బ్రేకుల సైకిలే కావల్ల!'

'బ్రేకు ఏదైతే ఏమిరా... నిలబడితే సాలదా?'

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ ఊళ్లో సైకిళ్ల షాపు ముందు నిలబడినా చెవినపడే వాదనే ఇది. కొడుకు కళ్లన్నీ చక్రం మధ్యలో తళతళలాడే ఉక్కు బిళ్ల మీదే. తండ్రి లెక్క వేరు. రాడ్డు బ్రేకుల సైకిలు మీద ఏళ్ల తరబడి పాలక్యాన్లు మోసినా ఏమీ కాలేదన్నది ఆయన ధీమా. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఇద్దరూ తెలుసుకోవాల్సిందీ కొంత ఉంది.

బిళ్ల ఉంటే చాలదు

డిస్కు బ్రేకు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది మోటారుసైకిలే. 1999లో వచ్చిన సీబీజెడ్, ఆ తర్వాతి పల్సర్ల పుణ్యమా అని ఆ మాట ఊరూరా పాకింది. సైకిళ్లకు వచ్చేసరికి ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి తీగతో పనిచేసేది, రెండోది నూనెతో పనిచేసే హైడ్రాలిక్ రకం. షాపులో రెండింటినీ 'డిస్కు' అనే అంటారు. మన దగ్గర తక్కువ ధరకు దొరికే గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఉండేది తీగ రకమే.

తేడా కనిపెట్టడం తేలిక. హ్యాండిలు దగ్గర్నుంచి చక్రం దాకా గొట్టాన్ని కళ్లతో వెంబడించండి. చివర సన్నని ఇనుప తీగ బయటికొచ్చి బోల్టుకి బిగించి ఉంటే తీగ రకం. ఎక్కడా తీగ కనిపించకుండా గొట్టం నేరుగా బ్రేకులోకే వెళ్తే హైడ్రాలిక్.

ఇందులోని కిటుకు స్కూలు పిల్లలకూ తెలిసిందే... పాస్కల్ సూత్రం! మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులకీ సమానంగా పాకుతుంది. సర్వీసింగ్ సెంటర్లో కారును పైకెత్తేదీ ఈ సూత్రమే. బ్రేకు పిడి దగ్గర చిన్న పిస్టన్, చక్రం దగ్గర పెద్ద పిస్టన్లు ఉంటాయి. అందుకే వేలితో కాస్త నొక్కినా ప్యాడ్లు బిళ్లను గట్టిగా పట్టుకుంటాయి.

పొగలొచ్చిన కాలం

కొండ సైకిళ్లకీ బ్రేకులకీ బంధం ఈనాటిది కాదు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద కొండ దిగే పందేలు మొదలుపెట్టారు. అప్పటి బ్రేకు వెనక చక్రం హబ్బులోనే ఉండేది. పెడలు వెనక్కి తొక్కితే పడేది. ఒక్కసారి కొండ దిగితే చాలు, లోపలి గ్రీజు వేడికి కాలి పొగలొచ్చేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప బండి పనికొచ్చేది కాదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. కొండ సైకిళ్లకు రిమ్మును పట్టే బ్రేకులు ఆ తర్వాత వచ్చాయి. 1990ల ద్వితీయార్ధంలో మగురా, హేస్, హోప్ లాంటి కంపెనీల చలవతో హైడ్రాలిక్ డిస్కులు కొండ సైకిళ్లకెక్కాయి.

తొక్కినవాళ్ల మాట

మనకీ కొండలకేం తక్కువ? జమ్మలమడుగు నుంచి ఎర్రమల కొండల్లోకి ఓ 15 కిలోమీటర్లు వెళ్తే గండికోట. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు చేతుల నొప్పి. మామూలు బ్రేకులతో పొడవాటి దిగుడు దిగితే పిడి నొక్కీ నొక్కీ వేళ్లు తిమ్మిరెక్కుతాయి. హైడ్రాలిక్‌కి మారినవాళ్లు మొట్టమొదట చెప్పే మాట- 'ఒక్క వేలు చాలు' అనే. మిగతా మూడు వేళ్లూ హ్యాండిలును పట్టుకునే ఉంటాయి కాబట్టి రాళ్ల దారిలో పట్టు తప్పదు. ఎంత నొక్కితే అంతే ఆగుతుందన్నది రెండో మాట.

ఇక మన నల్లరేగడి సంగతి! వాన పడితే ఆ మట్టి రిమ్ముకీ బ్రేకు కట్టలకీ అంటుకుని చక్రం తిరగనే తిరగదు. డిస్కు ఉండేది చక్రం నడిబొడ్డున కాబట్టి బురద అంత తొందరగా అక్కడికి చేరదు. రిమ్ము కాస్త వంకరపోయినా బ్రేకు పనిచేస్తుంది.

ఆ బలంతోనే ప్రమాదం

ఇంతవరకూ బాగానే ఉంది. పాత బ్రేకు అలవాటుతో ముందు పిడిని గుప్పెట పట్టి నొక్కారనుకోండి... చక్రం ఠక్కున ఆగుతుంది, మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరిపడతాడు. అలాగని ముందు బ్రేకు వాడకూడదని కాదు. ఆగేటప్పుడు బరువంతా ముందుకొస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది అదే. వెనకది ఒక్కటే నొక్కితే చక్రం జారుతుంది. రెండూ కలిపి మెల్లగా నొక్కుతూ, ఒంటిని కాస్త వెనక్కి జరపాలి. మన సైకిళ్లలో సాధారణంగా కుడిచేతిది ముందు బ్రేకు. అమెరికా పద్ధతిలో బిగించినవాటిలో ఎడమచేతిది. కొన్న రోజే చూసుకోవాలి.

కొత్త ప్యాడ్లకు పట్టు వెంటనే రాదు. చదునైన చోట ఓ 20 సార్లు వేగం అందుకుని, మెల్లగా తగ్గిస్తే కుదురుకుంటాయి. ఆ తర్వాతే కొండ. దిగుడు పొడవునా బ్రేకు పట్టి ఉంచినా ముప్పే. గువ్వలచెరువు ఘాట్ దిగే లారీ డ్రైవర్లకిది బాగా తెలుసు. వేడెక్కితే ఏ బ్రేకుకైనా పట్టు తగ్గుతుంది. నొక్కడం, వదలడం... అలా దిగాలి. దిగాక బిళ్లను ముట్టుకోవద్దు, చురుక్కుమంటుంది!

నూనె చుక్క

చెయిన్‌కి నూనె కొట్టేటప్పుడు ఒక్క చుక్క బిళ్ల మీద పడినా బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది. చక్రం విప్పినప్పుడు పిడి నొక్కకూడదు. నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చి చక్రం మళ్లీ దూరదు. బస్సెక్కించేముందు మధ్యలో అట్టముక్క పెడితే బేఫికరు. పిడి మెత్తగా లోపలికి పోతోందంటే గొట్టంలోకి గాలి చేరిందని అర్థం. అది తీయించాల్సిందే. కొన్నిటికి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ ద్రవం వాడతారు. ఒకటి బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బర్లు పాడవుతాయి. మీ బండికి ఏదో తెలియని మెకానిక్ చేతికి ఇవ్వకండి.

నిలబడితే చాలదా అని కదా నాయిన అడిగింది? చాలదు. బండితోపాటు మనిషీ నిలబడాలి. అది బ్రేకు ఒక్కటే చేసే పని కాదు, నొక్కే వేలికీ నేర్పాలి. వారం రోజులు ఏ ఖాళీ మైదానంలోనో నేర్చుకుంటే గండికోట ఎక్కడికీ పోదు!