ఆగిన చదువుకు మెట్లు

ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి పెళ్లి చేసిన అమ్మాయి, ముప్పై ఏళ్లకు మన సంఘానికొచ్చి "నేను డిగ్రీ చదవొచ్చా అక్కా?" అని అడిగితే ఏం చెబుతాం? పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లోనూ, విజయనగరం పల్లెల్లోనూ అలాంటి వారెందరో!

చదవొచ్చు. 1982లో మొదలై, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న మన ఓపెన్ యూనివర్సిటీ, ఏ సర్టిఫికెట్టూ లేనివారికి కూడా అర్హత పరీక్షతో డిగ్రీ తలుపు తెరిచింది. అది గొప్ప మేలే. కానీ మెట్లు దాటి ఎక్కినవారికి తర్వాత చిక్కులొచ్చాయి. డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా చేసిన ఎం.ఏ. చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సీటిచ్చింది విశ్వవిద్యాలయాలు, నష్టపోయింది చదివినవారు!

అందుకే పదో తరగతి, ఇంటరు, డిగ్రీ అని ముందే లెక్క వేసుకోవాలి. జాతీయ ఓపెన్ స్కూలులో పదో తరగతికి అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. పాసయిన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. ఉడుపులు, కోతలు, కాన్పులు చూసుకుని ఈసారి ఒకటి, వచ్చేసారి రెండు రాయొచ్చు. ఇంటరూ అంతే. పెళ్లితో ఇంటిపేరు మారినా, కాగితాలన్నిటిలో ఒకే పేరు ఉండేలా మొదటే చూసుకోవాలి.

ఇదంతా ఆమె ఒక్కతే మోయలేదు. ఫీజు, పరీక్ష రోజు పిల్లల్ని చూసే మనిషి, దగ్గరలో పరీక్షా కేంద్రం కావాలి. మొదటి రెండూ సంఘం చూడాలి. మూడోది ప్రభుత్వాన్ని అడగాలి. చదువు హక్కన్నప్పుడు, ఆ హక్కు దాకా నడిచే దారి కూడా హక్కే కదా!