వాల్వ్ సరే.. పైపు చూశారా?

మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాళ్లను టర్బోచార్జర్ గురించి అడిగితే గడగడా చెప్పేస్తారు. ఎగ్జాస్ట్ వాయువులు టర్బైన్‌ను తిప్పుతాయి, అదే షాఫ్టు మీదున్న కంప్రెసర్ గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది అంటారు. బొమ్మ కూడా వేస్తారు. ‘సరే, నిన్న బ్లో-ఆఫ్ వాల్వ్ మార్చిన కారు ఇవాళ ఐడిల్‌లో ఊగుతోంది. ముందు ఎక్కడ చూస్తావ్?’ అంటే మాత్రం చాలామందికి మాట రాదు. వర్క్‌షాప్‌లో ఉద్యోగం రావాలన్నా, వచ్చింది నిలబడాలన్నా ఈ రెండో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. దాని జవాబు తరచూ పెన్సిలంత లావుండే వ్యాక్యూమ్ పైపులోనే దొరుకుతుంది.

ఎలాగంటే.. యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ మూసుకుంటుంది. కంప్రెసర్ ఒత్తిన గాలి పోయేదారి లేక వెనక్కి తంతుంది. దాన్ని బయటకో, తిరిగి టర్బో ముందుకో మళ్లించేదే బ్లో-ఆఫ్ వాల్వ్. ఎప్పుడు తెరుచుకోవాలో దానికి చెప్పేది ఈ చిన్న పైపు. థ్రాటిల్ తర్వాత ఉండే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఇది వస్తుంది. థ్రాటిల్ మూసుకోగానే అక్కడ ఏర్పడే వ్యాక్యూమ్ డయాఫ్రాన్ని లాగి వాల్వ్‌ను తెరుస్తుంది. బూస్ట్ ఉన్నప్పుడు ఇదే పైపులో వచ్చే ఒత్తిడి వాల్వ్‌ను మూసి ఉంచడానికి తోడ్పడుతుంది. పైపు చీలితే వాల్వ్ కొత్తదైనా లాభం లేదు. ఐడిల్‌లో లెక్కలోకి రాని గాలి లోపలికి దూరి ఇంజిన్ ఊగుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు. బండి పికప్ కూడా తగ్గొచ్చు.

అందుకే పైపు ముట్టుకునే ముందు ఇంజిన్ చల్లారనివ్వాలి. ఫోన్‌తో రెండు ఫొటోలు తీసి, ఏ పైపు ఎక్కడిదో టేపు అంటించి రాసుకోవాలి. వేడికి పాత రబ్బరు గట్టిపడి నిపిల్‌కు అతుక్కుపోతుంది. బలంగా లాగితే ప్లాస్టిక్ నిపిల్ విరిగి, అరగంట పని మానిఫోల్డ్ మార్చేదాకా వెళ్లొచ్చు. ముందు మెల్లగా తిప్పాలి, కదిలాకే లాగాలి. అప్పటికీ రాకపోతే నిపిల్‌కు గీత పడకుండా పైపును నిలువుగా కోసి తీసి, కొత్తది వేయాలి. తెరిచి ఉన్న రంధ్రాల్లో దుమ్ము పడకుండా మూసిపెట్టాలి.

కొత్త పైపు లోపలి వ్యాసం పాతదానితో సరిపోవాలి. మరీ మెత్తని పైపు వ్యాక్యూమ్‌కు ముడుచుకుపోతుంది. పొడవెక్కువైతే మడత పడుతుంది. ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోతే కాలిపోతుంది. దగ్గర్లో ఉంది కదా అని బ్రేక్ బూస్టర్ పైపు నుంచి కనెక్షన్ తీయడం మాత్రం అస్సలు వద్దు. అక్కడ లీకైతే కారు ఆగడమే కష్టమవుతుంది. బిగించాక హ్యాండ్ వ్యాక్యూమ్ పంపుతో చూడాలి, ముల్లు నిలబడితే లీకు లేనట్టే. సబ్బునీళ్లు ఒత్తిడి ఉన్నప్పుడే బుడగలు చూపిస్తాయి. ఐడిల్‌లో వ్యాక్యూమ్ ఆ నీళ్లను లోపలికి లాగేసుకుంటుంది. ఇది తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

‘కొన్ని కొత్త కార్లలో ఈ వాల్వ్ కరెంటుతో పనిచేస్తోంది, పైగా ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ఈ పైపుల గొడవ మాకెందుకు?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సర్వీసుకు వచ్చేవి కొత్త కార్లే కాదు. డీజిల్ ఇంజిన్లలో బ్లో-ఆఫ్ వాల్వ్ సాధారణంగా ఉండదు కానీ, చాలావాటిలో టర్బో యాక్చుయేటర్‌కు వ్యాక్యూమ్ పైపులే ఆధారం. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని పెనుకొండ దగ్గర కియా ప్లాంటులో 2019లో మొదలైన సెల్టోస్‌కే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉండేది. అలాంటి కార్లు ఇంకా ఏళ్ల తరబడి వర్క్‌షాపులకు వస్తాయి. ఇక ఎలక్ట్రిక్ కార్ల సంగతంటారా, చాలావాటిలో బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ పైపులు ఉంటాయి. లీకు వెతికే ఓపిక అక్కడా కావాల్సిందే.

కాలేజీల తప్పు కూడా ఉంది. ల్యాబ్‌లో కోసిపెట్టిన ఇంజిన్ చూపించి, రికార్డు రాయించి పంపేస్తే చేతికి పని ఎలా వస్తుంది? స్క్రాప్ ఇంజిన్ ఒకటి తెచ్చి, పైపులన్నీ విప్పించి మళ్లీ బిగించమంటే ఖర్చూ పెద్దగా కాదు. కాలేజీ చేయకపోతే మీరే దారి వెతుక్కోండి. సెలవుల్లో తెలిసిన గ్యారేజీలో పని చేయండి. అప్రెంటిస్‌షిప్ దొరికితే స్టైపెండ్ తక్కువని వదులుకోకండి.

రెజ్యూమెలో ‘టర్బోచార్జర్‌పై అవగాహన’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘వాల్వ్ మార్చాను, పైపులు గుర్తుపెట్టి బిగించాను, లీక్ టెస్ట్ చేసి అప్పగించాను’ అని నిజాయతీగా రాయగలిగితే తప్పకుండా అడుగుతారు. అప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు ఇదీ: చివరిసారి చెయ్యి పెట్టిన చోటే మొదట చూడాలి.