రసాయనశాస్త్రం ఒంటరిగా నడవదు

మొన్న మా పిఠాపురంలో పదో తరగతి అమ్మాయి అడిగింది: "మాస్టారండీ! నాకు కెమిస్ట్రీ ఇష్టమండి, లెక్కలంటేనే భయం. డిగ్రీలో అదొక్కటే చదువుకోవచ్చాండి?"

ఒకప్పుడు బి.ఎస్సీ.లో ఎం.పి.సి. వారు గణితం, భౌతికం, రసాయనం మూడూ సమానంగా చదివేవారు. బి.జెడ్.సి. వారికి రసాయనంతోపాటు వృక్ష, జంతుశాస్త్రాలుండేవి. 2023-24లో ఆంధ్రప్రదేశ్ ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక శాస్త్రాన్ని లోతుగా చదవడం మంచిదే. కాని లెక్కలు తప్పించుకోవడానికి తేలికైన తోడును వెతుక్కోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

పిల్లలూ! పసుపు మరకకు సబ్బు రాసి చూడండి. ఎర్రబడుతుంది. క్షారం తగిలి పసుపులోని కర్కుమిన్ అణువు మారడం రసాయనం. మారిన అణువు వేరే రంగు కాంతిని పీల్చుకోవడం భౌతికం. ఆ క్షారబలాన్ని పి.హెచ్.లో చెప్పాలంటే లాగరిథమ్ కావాలి, అది గణితం. ఒక్క మరకలోనే మూడు శాస్త్రాలు!

అందుకే ఆ అమ్మాయితో అన్నాను: "కెమిస్ట్రీయే చదువమ్మా. లెక్కల్ని మాత్రం వదలకు. చేరేముందు ఆ కళాశాల ప్రయోగశాల చూసిరా. బ్యూరెట్టు నీ చేతికిస్తారో లేదో అడుగు. పుస్తకంలో చదివిన టైట్రేషన్, వినికిడి మీద నేర్చిన ఈత ఒకటే."