కోటల టూర్ అంటే రాజుల కోటలేనా?

దసరా సెలవులకి కోటల టూర్ అని గ్రూపులో ప్లాన్ తిరుగుతోంది. సామర్లకోటలో రైలు దిగి భీమేశ్వరాలయం చూసి, పక్కనే పెద్దాపురం, ఆ తర్వాత పిఠాపురం. బాగుంది, వెళ్దాం. కానీ అటు నుంచి అటే రైలెక్కేస్తామంటే మేం ఒప్పుకోం. రాజుల వంశాలన్నీ వరసగా రాశారు, కొండ మాట ఒక్కటీ లేదు.

1879లో రంపలో కల్లు మీద కూడా పన్ను వేస్తే కారం తమ్మన్నదొర వెనక జనం లేచారు. చెట్టు మనది, గీసేది మనం, పన్ను వాళ్ళకా? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల తుపాకులు మనవాళ్ళ చేతికొచ్చాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరని విడిపించుకున్నారు. అల్లూరి పేరు అందరికీ తెలుసు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మన హాస్టళ్ళలోనే ఎంతమందికి తెలుసు? మల్లుదొర 1952లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడు కూడా!

"ఆదివాసీలకి కోటలెక్కడివి?" అన్నాడు ఒకన్న. అన్నా, చంద్రపూర్ కోట గోండు రాజులది కాదా? అయినా కోట లేకపోతే మాత్రం మనకేం చిన్నతనం?

టూర్ ఒక రోజు పెంచండి. ఏలేశ్వరం, అడ్డతీగల మీదుగా రాజవొమ్మంగి వెళ్దాం. జీపు ముందే మాట్లాడాలి. స్టేషన్ దగ్గర తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఆ మూడు రోజుల కథ ఎవరు చెప్తారో ఈ వారంలోనే పేర్లివ్వండి.