నీతి పేజీ తీసేయండి, బొమ్మకు చోటివ్వండి

పసిపిల్లల కోసం వేసే భక్తి కథల బొమ్మల పుస్తకాల్లో ఆఖరి పేజీ ఉండకూడదంటాను. ‘ఈ కథలోని నీతి’ అంటూ మొదలయ్యే పేజీ అది. సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మా ఇంటి వరండాలో ఆదివారాలు చుట్టుపక్కల చిన్నపిల్లలకు పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. గుడికీ చర్చికీ మసీదుకీ వెళ్లే ఇళ్ల పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. దేవుడి గురించి వాళ్లకు పెద్దల ఉపన్యాసాల కంటే జంతువులే బాగా చెబుతాయి.

శ్రీకాళహస్తి కథ చూడండి. పాము శివలింగానికి మణులు పెట్టి పూజిస్తుంది. ఏనుగు వచ్చి వాటిని చెత్తనుకుని పక్కకు నెట్టి, నీళ్లతో అభిషేకం చేసి ఆకులూ పూలూ పెడుతుంది. మర్నాడు పాము కంటికి ఆ ఆకులే చెత్త. చివరికి పోట్లాడుకుని రెండూ ప్రాణాలు విడుస్తాయి. శివుడు రెండింటినీ తనలో కలుపుకుంటాడు. ఎడమ పేజీలో మణులు, కుడి పేజీలో ఆకులు గీస్తే చాలు. మా వరండాలో ఒక పాప రెండు పేజీల మీదా చేతులు పెట్టి, ‘రెండూ ఉంచొచ్చు కదా’ అంది. బొమ్మ కింద నీతి అచ్చేసి ఉంటే ఆ మాట ఆ పిల్ల నోట వచ్చేది కాదు.

ఖురాన్‌లో చీమల పేరిట ఒక సూరా, అంటే అధ్యాయం, ఉంది. ప్రవక్త, రాజు అయిన సులేమాన్ సైన్యం వస్తోంది, కాళ్ల కింద నలిగిపోకముందే ఇళ్లలోకి వెళ్లిపొమ్మని ఒక చీమ తోటి చీమల్ని హెచ్చరిస్తుంది. ఆ మాట విని సులేమాన్ చిరునవ్వు నవ్వుతాడు. ప్రవక్తల రూపం గీయడం చాలా ముస్లిం కుటుంబాలకు సమ్మతం కాదు. కాబట్టి చిత్రకారుడు నేల మట్టానికి దిగి, చీమ ఎత్తు నుంచి ఆ సైన్యాన్ని గీయాలి. అంత పెద్ద రాజు అంత చిన్న ప్రాణి మాట విన్నాడన్నది పసివాడికి ఆ ఒక్క బొమ్మలోనే అందుతుంది.

బైబిల్లో తప్పిపోయిన గొర్రె కథ ఉంది. తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం వెతుక్కుంటూ వెళ్తాడు కాపరి. మనకు దొరికే పుస్తకాల్లో ఆ గొర్రె తెల్లగా, దూదిలా, పచ్చటి మైదానంలో ఉంటుంది. మన దక్కనీ గొర్రెల్లో నల్లవే ఎక్కువ. వాటి ఉన్నితోనే గొంగడి నేస్తారు. భుజాన గొంగడి వేసుకున్న కురుమ కాపరి బండరాళ్ల మధ్య ఆ నల్ల గొర్రెను వెతుకుతున్నట్టు గీస్తే మన పిల్లలు కథను తమదనుకుంటారు.

మనకు దొరికే పుస్తకాల్లో బొమ్మలు పరాయివిగా ఎందుకుంటాయంటే, విదేశీ బొమ్మల పుస్తకాలు చాలావరకు అనేక భాషల్లో కలిపి అచ్చవుతాయి. రంగుల ప్లేట్లు అన్నిటికీ అవే; అక్షరాలున్న నల్ల ప్లేటు ఒక్కటే మారుతుంది. అందువల్ల ధర తగ్గుతుంది, ఆ మేలు నేను కాదనను. కానీ ఇంగ్లీషుకు వదిలిన జాగాలో తెలుగును ఇరికిస్తారు. పైన గుడులు, కింద వత్తులు ఉన్న మన లిపికి వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. అది లేక అక్షరం చిన్నదవుతుంది, కూడబలుక్కుని చదివే పిల్లలు అక్కడే ఆగిపోతారు.

బొమ్మతో కథ చెప్పడం మనకు కొత్త కాదు. దాదాపు 1,800 ఏళ్ల నాటి అమరావతి శిల్పం ఒకటి చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే వలయంలో నలగిరి అనే ఏనుగు ఒకవైపు జనాన్ని తొక్కుతూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ కనిపిస్తుంది. చేర్యాల నకాషీ కళాకారులు ఎర్రటి నేపథ్యం మీద ఇప్పటికీ కథలు గీస్తున్నారు.

నీతి లేకపోతే పిల్లలకు ఏం ఒంటబడుతుందని తల్లిదండ్రులు అడుగుతారు. నీతి చెప్పేస్తే కథ అక్కడితో అయిపోతుంది. చెప్పకపోతే పిల్లలు మళ్లీ చదవమంటారు, ప్రశ్నలు వేస్తారు. భక్తికి ఆ ప్రశ్నలే పునాది.

తార్నాకలోని ‘మంచి పుస్తకం’, జీడిమెట్లలోని క్రైస్తవ పుస్తకాల ‘ఓఎం బుక్స్’ వంటి ప్రచురణ సంస్థలు ఈ ఊరివే. ఏ మతం వారైనా మన ప్రచురణకర్తలందరికీ నా విన్నపం ఒక్కటే. నీతికి కేటాయించిన పేజీని చిత్రకారుడికి ఇవ్వండి, మన జంతువుల్ని గీయించండి, తెలుగు అక్షరం కొలతతో పేజీ కట్టించండి.