పనిమంతులు కరవయ్యారట! మరి ఉద్దానం వెల్డర్లు ఎటు పోతున్నట్టు?

కవిటి: చేయి తిరిగిన పనివాళ్ళు దొరకడం లేదని పెద్ద కంపెనీలు కొంతకాలంగా గగ్గోలు పెడుతున్నాయి. ఎల్ అండ్ టి చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 2025 ఫిబ్రవరిలో చెన్నై సభలో మాట్లాడుతూ, కూలీలు ఊరు వదిలి రావడానికి ఇష్టపడడం లేదనీ, సంక్షేమ పథకాలు అందుకొక కారణం కావచ్చుననీ అన్నారు. అదే ఉపన్యాసంలో ఆయన ఇంకొక లెక్క చెప్పారు. నిలకడగా 4 లక్షల మంది కావాలంటే, మధ్యలో మానేసే వాళ్ళ మూలంగా ఏడాదిలో 16 లక్షల మందిని చేర్చుకోవలసి వస్తున్నదట.

మొదటి మాట ఉద్దానం వాసులకు నవ్వు తెప్పిస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం మండలాల్లో వెల్డరుగానో, ఫిట్టరుగానో, రిగ్గరుగానో పై దేశం పోయినవాడు లేని వీధి కనబడదు. ఆలోచించవలసింది రెండో మాట. వచ్చినవాళ్ళు ఎందుకు నిలవడం లేదు?

2013 అక్టోబరులో పైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలను దెబ్బ తీశాయి. తిత్లీకి తోటలకు తోటలే నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్ళు తక్కువ పట్టదు. అన్నాళ్ళు ఇల్లు గడిచేదెట్లా? అంతకు ముందు నుంచీ ఉన్న వలస ఆ తర్వాత మరింత హెచ్చింది. కుర్రవాళ్ళకు కనబడిన దగ్గర దారి వెల్డింగు నేర్పే ప్రైవేటు స్కూళ్ళు.

6జి పరీక్ష అంటే మాటలా?

కంపెనీలు అడిగేది గ్రిల్లు, గేటు అతికే వెల్డరును కాదు. పైపు వెల్డరును. పైపును 45 డిగ్రీల వాలున బిగిస్తారు. దానిని తిప్పడానికి వీలులేదు. వెల్డరే చుట్టూ తిరిగి, కిందినుంచి, పక్కనుంచి, పైనుంచి అతకాలి. మొదటి పొర ఆర్గాన్ గ్యాసుతో టిగ్ పద్ధతిలో, ఆపైన ఆర్క్ రాడ్డుతో వేస్తారు. తర్వాత ఆ అతుకును ఎక్స్‌రే తీస్తారు. లోపల హద్దు మించి గాలి బుడగలు ఉన్నా, మొదటి పొర సరిగా కరిగి కలవకపోయినా అతుకు పనికిరాదు. అధిక ఒత్తిడి గల ఆవిరో, మండే గ్యాసో పారే పైపు కనుక ఆ పట్టుదల సబబే.

అంతటి పనితనం రావాలంటే రోజూ పైపు ముక్కలు కాల్చాలి. పైపు, రాడ్డు, గ్యాసు అన్నీ ఖరీదే. మూడు నెలల కోర్సులో వాటిని పొదుపుగా వాడే స్కూలు నుంచి బయటికి వచ్చేవాడి చేతిలో కాగితం ఉంటుంది గాని పనితనం అంతగా ఉండదు. ఇది దాచవలసిన సంగతి కాదు. సర్టిఫికెట్లు ఎక్కువ, పనిమంతులు తక్కువ అని కంపెనీలు అనడంలో కొంత నిజం ఉంది.

కాని నేర్పవలసింది ఎవరు? 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, ఆపైన పనివాళ్ళున్న సంస్థ తన సిబ్బందిలో నూటికి 2.5 మొదలు 15 వరకు అప్రెంటిస్‌లను తీసుకొని తీరాలి. పేరుకు కంపెనీ ఒకటే అయినా పని కాంట్రాక్టరుకు, అతని కింద సబ్ కాంట్రాక్టరుకు, ఆ కింద మేస్త్రీకి చేరేసరికి నేర్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. అందరికీ అయిదేళ్ళ అనుభవం ఉన్నవాడే కావాలి. ఆ మొదటి ఏడాది అనుభవం ఇచ్చే నాథుడు లేడు.

మధ్యలో మానేయడం సంగతీ ఇంతే. రిఫైనరీల్లో షట్‌డౌన్ పని నెలో, నెలన్నరో ఉంటుంది. సొంత చార్జీలు పెట్టుకొని పోయి, పరీక్ష తప్పితే వట్టి చేతులతో సోంపేట స్టేషనులో దిగాలి. నెగ్గినా పని అయ్యాక మళ్ళీ ఇంకొక చోటు వెతుక్కోవాలి. ఇద్దరు ముగ్గురి చేతులు దాటి వచ్చే జీతంలో కోత తప్పదు. అలాంటివాడు నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చే చోటికి పోతే నిలకడ లేనివాడని నింద!

పై దేశంలోనైనా అంతా వెలుగు కాదు. రిజిస్టరైన ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. అంతకు ఎన్నో రెట్లు అప్పు చేసి ఇచ్చేవాళ్ళు ఊరూరా ఉన్నారు. 2020 సెప్టెంబరులో లిబియాలో అపహరణకు గురై నెల తర్వాత విడుదలైన ఏడుగురు భారతీయుల్లో మన జిల్లా వారూ ఉన్నారు. ఇక గల్ఫ్ వైద్య పరీక్షలో క్రియాటినిన్ కూడా చూస్తారు. మూత్రపిండాల జబ్బు ఇంటింటి సమస్య అయిన ఉద్దానంలో దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఎండలో, నీళ్ళు చాలక చేసే బరువు పని ఆ మూత్రపిండాలకే చేటని వైద్యులు చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడు జిల్లాలోనే పెద్ద పని ఒకటి వచ్చింది. సంతబొమ్మాళి మండలం మూలపేట రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు వెంట ఫ్యాక్టరీలు కూడా వస్తాయని అంటున్నారు. అవి వచ్చిన నాడు స్థానికంగా పనిమంతులు లేరన్న మాట మళ్ళీ వినబడక మానదు. పైపు వెల్డరు ఏడాదిలో తయారు కాడు గనుక అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడే అడగాలి. కాంట్రాక్టర్లు చట్టప్రకారం ఎందరు అప్రెంటిస్‌లను తీసుకున్నారు? వారిలో ఈ జిల్లా ఐ.టి.ఐ. పిల్లలు ఎందరు? పరీక్షకు పిలిచినవాడికి రానుపోను చార్జీలు ఎవరు ఇస్తున్నారు? ఈ జాబితాలను పంచాయతీ ఆఫీసుల గోడల మీద అంటించడానికి అయ్యే ఖర్చు కాస్త జిగురే.