ఇంద్రుని గుఱి తప్పిన ఎద్దు

తొలకరి మేఘము ఉరుమగానే ‘అర్జునా! ఫల్గుణా!’ యని పిలుచు అలవాటు మన పల్లెలలో నేటికిని చెరగిపోలేదు. పిడుగనగా ఇంద్రుని చేతి వజ్రాయుధమే యనియు, కన్నకొడుకు పేరు చెవిని బడినంతనే ఆ దేవరాజు చేయి వెనుదీయుననియు ఆ పిలుపు వెనుక నున్న తర్కము. తర్కమే యని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. కొట్టువాడొకడున్నాడని మొదట నమ్మినచో తక్కినదంతయు చక్కగానే పొసగును.

పిడుగు పడిన చెట్టునకు కొంత దూరమున కట్టివేసిన రెండెద్దులలో ఒకటి కూలి, రెండవది నిలిచినపుడు, ‘దానికి నూకలు చెల్లినవి’ అని ఊరు తీర్పు చెప్పును. ఆ ఎద్దులు ఏ ముఖముగా నిలిచియుండెనో అడిగినవారు అరుదు. చెట్టుపై బడిన పిడుగు 30,000 ఆంపియర్ల ప్రవాహముగా నేలలోనికి దిగి నలుదెసల వ్యాపించుచుండగా, మొదలున మిక్కుటముగా నున్న పొటెన్షియల్ దూరము పెరిగిన కొలదిని తగ్గుచుపోవును. నేల అంతటను ఒకే తీరునదనియు, దాని విశిష్ట నిరోధము 100 ఓమ్-మీటర్లనియు అనుకొని లెక్కవేసినచో, చెట్టునుండి 10 మీటర్ల యెడ దాదాపు 48,000 వోల్టులును, మఱి మీటరున్నర యవతల 41,500 వోల్టులును తేలును. తల చెట్టువైపునకు పెట్టి నిలిచిన ఎద్దు ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ ఆరువేల వోల్టులకు మించిన భేదము; ప్రవాహము ఒక జత కాళ్లనుండి ఎక్కి, గుండె మీదుగా రెండవ జతకు దిగును. చెట్టునకు ప్రక్క చూపి నిలిచినదానికి నాలుగు కాళ్లును ఇంచుమించు ఒకే దూరమున, అనగా ఒకే పొటెన్షియల్ మీద ఉండుటచే అది బ్రదుకును. 11,000 వోల్టుల తీగపై కాకి వ్రాలి ముక్కు రాచుకొనుచున్నదన్నను కారణమిదియే. దాని పుణ్యమును గూర్చి ఎవరును మాటాడరు.

పొటెన్షియల్ అనగా ఒక కూలంబు ఆవేశమునకు చేకూరు స్థితిజశక్తి. ఆవేశమెంతయో తెలియక వోల్టులను మాత్రము విని హడలుట, ధర విని పరిమాణము అడుగని బేరము వంటిది. పొడిజుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెన వేలవోల్టులకెక్కియు, ఆవేశము అత్యల్పమగుటచే చిటుక్కుమని ఊరకుండును. మేఘమునకు పదికోట్ల వోల్టులును, మెఱుపున దిగు ఆవేశము 20 కూలంబులును అనుకొన్నచో శక్తి 200 కోట్ల జౌళ్లు. కరెంటు బిల్లు భాషలో సుమారు 550 యూనిట్లు. వజ్రాయుధమంతయు ఒక సామాన్య సంసారపు కొన్ని నెలల వాడకము! అది సెకనులో స్వల్పభాగమున ఖర్చగుటయే ఘోరము.

1753లో సెయింట్ పీటర్స్‌బర్గున మేఘవిద్యుత్తును కొలువబోయిన రిక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పిడుగుపాటుననే మరణించెను. అతని పాండిత్యమునకు పొటెన్షియల్ భేదము మినహాయింపు నీయలేదు. మన గోపురములు పెక్కింటిపై నేడు లోహపుకడ్డీ నిలిపి, తీగను భూమిలోనికి దింపుచున్నారు. స్వామిపై అవిశ్వాసముచే అట్లు చేసితిమని ఏ ధర్మకర్తయు చెప్పడు, నేనును చెప్పింపను.

అర్జుననామము వలన హాని యేమి యందురేమో. నామమున లేదు, దానిని నమ్ముకొని పశులకాపరి ఒంటి తాడిచెట్టు క్రిందనే నిలిచిపోవుటలో ఉన్నది. పక్కా ఇంటిలోనికి పరుగెత్తి చేరిన పిమ్మట పది నామములు కాదు, వేయి చదువుకొన్నను నాకు ఆక్షేపణ లేదు.